ముందు కలిపిన గుర్తు, వెనక తగిలించిన గుర్తు

ఐసోటోపు అనే మాట నా నోట వినబడితే మా వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను ఉక్కు ఫ్యాక్టరీకి సరుకు తెచ్చే లారీలను తూచే వేబ్రిడ్జి మీద పని చేస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది. ఇల్లు దువ్వాడ స్టేషన్‌ వెనక. అయినా సరే, హైడ్రోజన్‌లో మామూలు దానికంటే బరువైన రకం ఒకటి ఉందనీ, కార్బన్‌లోనూ అలాంటిది ఉందనీ, వాటిని అణువులకు గుర్తుగా పెట్టి చేప ముక్కలో ఏ పదార్థం ఎంతుందో కొలుస్తారనీ నాకు తెలుసు. ఈ సంగతి నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆదివారాలు లైబ్రరీలో కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు ఇప్పటికీ కనిపించడం లేదు. ఆ చదువును ఒకసారి మా బావ తన పనికి వాడుకోబోయాడు. అది ఆయన చెప్పిన వైపుకు వంగలేదు. ఆ గొడవే ఇది.

బావ అంటే నా భార్యకు అన్న. ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో సగం వాటా ఆయనది, బోటు నడిపేదీ ఆయనే. గేలాలతో సూర చేపలు, అంటే ట్యూనా, పట్టడంలో ఆయనకు పేరుంది. మా నాన్న కూడా చేపల వేట కుటుంబంలో పుట్టినవాడే గానీ ఫ్యాక్టరీ పనికి వచ్చేశాడు. నేనైతే సముద్రం మీదకు వెళ్లిందే లేదు. అందుకని బావకు నేను కొంచెం లోకువ. ఆయన కోపం నాకు అలవాటు, నా మొండితనం ఆయనకు అలవాటు.

ఒక వేసవి ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చాడు. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"ఏటి బావా, ఎక్కడికి?" అన్నాడు. నన్నూ ఆయన బావా అనే పిలుస్తాడు.

"లైబ్రరీకి."

"ఈ వయసులో ఏ పరీచ్చ రాత్తన్నావేటి?" అని గుమ్మంలోనే ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు. "ఆగు. నీ సదువుతో పనిబడింది."

చొక్కా జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది ఆయన చేపలు కొనే ఎగుమతి కంపెనీ ఇచ్చిన పరీక్ష రిపోర్టు. గత వేటలో తెచ్చిన సూర చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని అందులో ఉంది. కంపెనీ ఆ సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పక్కన పెట్టేసింది. ఈ సంగతి తేలేదాకా ఆ బోటు చేప కొనేది లేదని చెప్పింది. హార్బర్‌లో ఇలాంటి మాట దాగదు. మిగతా కొనుగోలుదార్లూ మొహం తిప్పుకున్నారు. ఇలాగే ఇంకొన్నాళ్లు నడిస్తే కళాసీలు, అంటే బోటు మీద పనిచేసేవాళ్లు, వేరే బోట్లకు వెళ్లిపోతారు, ఆ తరవాత బోటు ఒడ్డున కట్టేసుకోవడమే. బావ ఊరుకోకుండా అదే వేటలో తన దగ్గర మిగిలిన చేప ముక్కను మధురవాడలో ఒక ప్రైవేటు ల్యాబుకు ఇచ్చాడు. రెండో కాగితం వాళ్లది. హిస్టమిన్ హద్దులోనే ఉందని వాళ్లు రాశారు.

"సూడు. ఒకటే వేట, ఒకటే సేప, రెండు మాటలు. ఇందులో ఏది అబద్దమో సదివి సెప్పు."

"సూత్తాను. ఏది తేలుతాదో నాకూ తెల్దు."

"తెల్దేటి? తక్కువొచ్చిందే నిజం. ఎందుకు నిజమో నాలుగు ఇంగ్లీసు ముక్కలేసి కంపెనీ మేనేజరుకి సెప్పు. ఆడికీ సదువుకున్నోడంటే బయం."

నా భార్య టీ గ్లాసులు తెచ్చి ఆయన చేతిలో ఒకటి పెట్టింది. "అన్నయ్యా, నువ్వు సదవమని అడిగినావా, సెప్పమని అడిగినావా? రెండూ ఒకటి కాదు" అంది.

"నీ మొగుడికి అన్నీ తెలుసు కదే, రెండూ సేత్తాడు" అన్నాడు బావ.

ఆ ఆదివారం, ఆ తరవాత వచ్చిన ఆదివారాలు నేను ఆ రెండు కాగితాల అడుగున చిన్న అక్షరాలతో ఉన్న నాలుగు పంక్తులను అర్థం చేసుకోవడానికే వెచ్చించాను. లైబ్రరీ పై అంతస్తులో రసాయన శాస్త్రం అలమార ఒకటి ఉంది. కింద కంప్యూటర్ల గదిలో డబ్బు కట్టకుండా చదవగలిగే వ్యాసాలు దొరుకుతాయి. హిస్టమిన్ సంగతి తొందరగానే తెలిసింది. చచ్చిన సూర చేప చల్లబడకుండా ఉంటే సూక్ష్మజీవులు దాని మాంసంలోని ఒక అమైనో ఆమ్లాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. చేప చూడ్డానికి బాగానే ఉంటుంది, వాసనా రాకపోవచ్చు. వండినా అది పోదు. తిన్నవాళ్లకు మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తల పగిలిపోతుంది. అది చదివాక ఆ చేప ఏదో ఊళ్లో ఏదో ఇంట్లో పళ్లెంలోకి వెళ్తుందన్న ఊహ నన్ను వదల్లేదు.

కష్టపడింది కొలిచే పద్ధతుల దగ్గర. రెండు ల్యాబులూ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతోనే కొలిచాయి. అణువుల బరువు చూసే యంత్రం అది. అది వేబ్రిడ్జి లాంటిదేనని తెలిసిన రోజు నాకు పట్టలేని సంతోషం వేసింది. రెండు ల్యాబులూ బరువైన పరమాణువులనే గుర్తుగా వాడాయి. కానీ గుర్తు పెట్టిన చోటు వేరు.

నాకు అర్థమైన తీరులోనే చెబుతాను. పోర్టు నుంచి బొగ్గు లారీలు వస్తాయి. దారిలో గతుకుల్లో కొంత రాలిపోతుంది. పోర్టులో ఎంత ఎక్కించారో గేటు దగ్గర ఉన్నవాడికి ఎలా తెలియాలి? ఎక్కించేటప్పుడే తెలిసినన్ని బొగ్గుబెడ్డలకు ఎర్ర రంగు వేసి సరుకులో బాగా కలిపేశారనుకోండి. దారిలో నల్లవి రాలితే ఎర్రవీ అదే పాళ్లలో రాలతాయి. గేటు దగ్గర నల్లవాటికీ ఎర్రవాటికీ ఉన్న పాళ్లు చూస్తే చాలు, ఎంత రాలిపోయినా మొదట ఎక్కించిన సరుకు లెక్క తేలుతుంది. కంపెనీ తన ముక్కను పంపిన ల్యాబు చేసింది ఇదే. చేప ముక్కను ముద్ద చేయగానే, ఇంకే పనీ మొదలుపెట్టక ముందే, బరువైన పరమాణువులతో తయారైన హిస్టమిన్‌ను తెలిసినంత అందులో కలిపారు. వడగట్టినా, కడిగినా, ఎక్కడ ఎంత పోయినా రెండూ కలిసే పోతాయి. చివరికి యంత్రం రెంటినీ బరువు తేడాతో విడిగా చూస్తుంది.

రెండో ల్యాబు పద్ధతి వేరు. చేపలోంచి సారం తీసేశాక, ఆ సారంలో ఉన్న హిస్టమిన్‌కు ఒక రసాయనాన్ని తోకలా తగిలించారు. ఆ తోకలో ఉన్నది మామూలు కార్బన్. పక్కన, ఎంతుందో ముందే తెలిసిన హిస్టమిన్‌కు అదే తోక, కానీ బరువైన కార్బన్‌తో చేసింది తగిలించారు. ఆ రెంటినీ కలిపి కొలిచారు. ఇది చవకబారు పద్ధతి అనుకోవద్దు. మొదటి పద్ధతిలో ఏ పదార్థాన్ని కొలవాలంటే దాని బరువైన రూపాన్ని విడిగా తెచ్చుకోవాలి, కొన్నిటికి అది దొరకదు కూడా. తోక పద్ధతిలో ఒకే జత రసాయనంతో ఆ జాతి పదార్థాలను చాలావాటిని ఒకేసారి పట్టుకోవచ్చు. అయితే గేటు దగ్గరికి వచ్చాక రంగు వేసినట్టే కదా. దారిలో రాలిపోయిన బొగ్గు దాని లెక్కలోకి రాదు.

మొదటి పద్ధతికీ ఒక లోపం ఉంది. గుర్తుగా బరువైన హైడ్రోజన్ వాడితే ఆ అణువు యంత్రంలోకి వెళ్లే గొట్టంలో మామూలు దానికంటే ఒక్క పిసరు ముందే బయటపడుతుంది. ఒక్కోసారి ఆ హైడ్రోజన్ నీళ్లలో ఉన్న మామూలు హైడ్రోజన్‌తో చోటు మార్చుకుంటుంది కూడా. బరువైన కార్బన్‌కు ఆ బెడద లేదు. కంపెనీ ల్యాబు వాడింది కార్బన్‌దేనని చిన్న అక్షరాల్లో ఉంది. నేను ఆ పంక్తిని మళ్లీ మళ్లీ చదివాను. చదివేకొద్దీ బావకు పనికిరాని సంగతే గట్టిపడింది.

హార్బర్‌కు వెళ్లాను. బావ బోటు అంచున కూర్చుని గేలాలకు తుప్పు గోకుతున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ రెంటిలో నమ్మాల్సి వస్తే కంపెనీ రిపోర్టునే నమ్మాలి, మేనేజరు దగ్గరకు వెళ్లి వేరే మాట చెప్పలేను.

గేలం గోకడం ఆపలేదాయన. "బొగ్గు లారీలు తూసేవోడికి నా సేప గొడవేటి తెలుత్తాదిలే."

"నువ్వే కదా అడిగినావు."

"అడిగినాను. నాకు సాయం సేత్తావని అడిగినాను. ఆళ్లకి సేత్తావని కాదు. ఆ లైబ్రరీ నీకు బువ్వెడుతన్నాదేటి?"

"ఎట్టదు. అయినా సదవడం వొగ్గను."

"వొగ్గకు. ఆ పుస్తకాల్నే బావా అని పిలుచుకో, ఎల్లు."

పక్క బోటు మీదున్నవాళ్లు నవ్వారు. నేను వెళ్లలేదు. రెండో కాగితం ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. తక్కువ ఎందుకొచ్చిందో కూడా తేల్చుకోవాలి కదా. ఒక వైపే చదివి ఊరుకుంటే అది చదువు కాదు.

మధురవాడ ల్యాబుకు ఫోన్ చేసి, రిపోర్టు ఇచ్చిన కెమిస్టును కలుస్తానన్నాను. రమ్మంది. తగరపువలస నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే అమ్మాయి. నా ఉద్యోగం ఏమిటని ఆమె అడగలేదు. నేనే చెప్పాను. తరవాత బొగ్గు లారీ లెక్కంతా చెప్పి, మీ పద్ధతిలో ముందు రాలిపోయింది లెక్కకు రాదు, అందుకే మీకు తక్కువొచ్చింది అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆమె ఓపిగ్గా వింది. "మీ అనుమానం న్యాయమే సార్. అందుకే సారం తీసేటప్పుడు ఎంత పోతుందో మేం విడిగా పరీక్ష చేసి సరిచేస్తాం. ఇంకా కొంచెం తేడా ఉండొచ్చు. కానీ ఈ రెండు రిపోర్టుల మధ్య ఉన్నంత తేడా దానివల్ల రాదు" అంది. తరవాత నేను అడగని ప్రశ్న ఆమె అడిగింది. "రెండు పద్ధతుల్ని పోల్చాలంటే ముక్క ఒకటే అవ్వాలి కదండీ. మాకిచ్చిన ముక్క చేపలో ఎక్కడిది?"

నాకు తెలియదు. అన్ని ఆదివారాలు గుర్తుల గురించి చదివాను గానీ ముక్క గురించి అనుకోలేదు. సూర చేపలో హిస్టమిన్ ఒళ్లంతా ఒకేలా ఉండదని, పొట్ట, మొప్పల వైపు ఎక్కువై తోక వైపు తక్కువగా ఉండటం మామూలని ఆమె చెప్పింది. అక్కడి నుంచే బావకు ఫోన్ చేశాను.

"తోక కాడిది. మరెక్కడ కోత్తారు?" అన్నాడు విసుగ్గా.

అందులో మోసమేమీ లేదు. హార్బర్‌లో అది పద్ధతి. అమ్మకముందు సూర చేప ముందుభాగం మీద ఎవరూ కత్తి పెట్టరు. కొనేవాడు మాంసం రంగు చూస్తానన్నా తోక దగ్గరే పలచగా ఒక ముక్క తీసి చూపిస్తారు. పరీక్షకు ముక్క కావాలంటే బావ చెయ్యి తనంతట తానే తోక దగ్గరకు వెళ్లింది. కంపెనీవాళ్లు మాత్రం తల వెనక నుంచి కోసుకున్నారని బావే చెప్పాడు. అంటే ఇన్నాళ్లూ మేం పోల్చింది రెండు పద్ధతుల్ని కాదు, చేప రెండు చివరల్ని.

"అయితే ఒకే ముద్దలో రెండు పద్ధతులూ చెయ్యండి మేడమ్" అన్నాను. బరువైన హిస్టమిన్ తమ దగ్గరా ఉందని, చేయగలనని ఆమె అంది. కంపెనీ మేనేజరు దగ్గరకు నేనే వెళ్లాను. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు గానీ, కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టి ఉన్న ఆ సరుకులోంచి ఒక చేప సీలు వేసి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆమె తల వెనక నుంచి ముక్క తీసి, ముద్ద చేసి, బాగా కలిపి రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో గుర్తు ముందే కలిపింది. రెండో దానికి సారం తీశాక ఆ రసాయనపు తోక తగిలించింది.

జవాబు వచ్చింది. తోక పద్ధతిలో అంకె ఒక మెట్టు కింద ఉంది, అంతే. రెండూ హద్దు దాటాయి. ఏ గుర్తుతో చూసినా ఆ చేప తినదగ్గది కాదు.

ఈ మాట బావకు ఫోన్‌లో చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను.

"నువ్వు మావోడివేనా అసలు?" అన్నాడు.

"మీవోణ్ణే. అందుకే నీకు ముందు సెప్తన్నాను."

"నా నోట్లో మట్టి కొట్టి మావోడివంటావేటి?"

"బావా, ఆ సేప నీ సెల్లెలి పళ్లెంలో ఏత్తావా?"

ఆయన మొహం నల్లబడింది. కళాసీలు రేపు బోటు దగ్గర ఉంటారని, మగాడినైతే వచ్చి మీ చేప చెడిపోయిందని వాళ్ల మొహం మీద చెప్పమని అన్నాడు. వస్తానన్నాను. బంధువుల్లో అప్పటికే మాట పాకింది: వేబ్రిడ్జివాడు కంపెనీకి అమ్ముడుపోయాడని, నాలుగు పుస్తకాలు చదివి సొంతవాళ్లనే ముంచాడని. ఒకరిద్దరు నా ఎదురుగానే అన్నారు. అవును, నాలుగు పుస్తకాలు చదివాను. ఆ నాలుగూ చదవకపోయి ఉంటే బావ చెప్పమన్న మాటే చెప్పి మంచివాణ్ణనిపించుకునేవాణ్ణి.

మర్నాడు సాయంత్రం షిఫ్టు అయ్యాక వెళ్లాను. కళాసీలందరూ బోటు పక్కన సిమెంటు గట్టు మీద ఉన్నారు. వాళ్లలో పెద్దాయన, బావకు వేట నేర్పినవాడు, నన్ను చూడగానే మొదలెట్టాడు.

"రండి బాబూ, ఇంజినీరుగారూ. మా సేపకి రోగమొచ్చిందంట?"

"సేపకి కాదు తాతా. సేప పడ్డాక ఏటి సేత్తన్నారో సెప్పండి, రోగం ఎక్కడిదో తేలుతాది."

"ఏటి సేత్తాం? గేలానికి పడతాది, మీదకి లాగుతాం, తడి గోనె కప్పుతాం."

"ఐసులో ఎప్పుడెడతారు?"

"సూర మంద నీటి మీదున్నప్పుడు ఐసు గది మూత తీత్తారేటి? తీత్తే ఉన్న ఐసంతా కరుగుతాది. పడాల్సినవన్నీ పడ్డాక ఒక్కసారే దింపుతాం. మా అయ్య నుంచీ అంతే."

అదీ సంగతి. ఐసు మీద ప్రేమతో చేపను ఎండలో పెడుతున్నారు. పొద్దున్న పడ్డ చేప మంద వెళ్లిపోయేదాకా వేసవి ఎండలో గోనె కింద వెచ్చబడుతోంది. ఆ తరవాత ఎంత ఐసు వేసినా ఒకసారి పుట్టిన హిస్టమిన్ వెనక్కి పోదు. అదే చెప్పాను. తడి గోనె చెయ్యి ఆనిస్తే చల్లగానే ఉంటుంది, చేప లోపల చల్లగా ఉండదు అన్నాను.

"కడలి మొగం సూడనోడివి, మాకు ఐసు పెట్టడం నేర్పుతావా?" అని ఒకడు లేచాడు.

"నేర్పుతాను. తప్పయితే తప్పని సూపించు, ఇక్కడే ఒప్పుకుంటాను. సముద్రం సూడలేదు కాబట్టి నోరు మూసుకోమంటే మాత్రం మూసుకోను."

"ఒరే, ఈడికి కోపం వచ్చినాది" అని పెద్దాయన నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. నేను నవ్వలేదు. డెక్కు మీదే వేరే ఐసు పెట్టె పెట్టుకోండి, పడ్డ చేపను పడ్డట్టు పొట్ట తీసి, మొప్పలు తీసి అందులో పెట్టండి, గది మూత జోలికి వెళ్లక్కర్లేదు అన్నాను. డెక్కు మీద చోటు లేదన్నారు. బావ అంతసేపూ తాడు చుట్టలు సర్దుతున్నాడు. అప్పుడు అన్నాడు:

"సోటుంది. ఆ పాత వలలు దించీండి."

"ఈడు సెప్పినాడనా?" అన్నాడు పెద్దాయన.

"కాదు. నా బోటు నాను ఒడ్డున కట్టుకోలేను కాబట్టి."

తరవాతి వేటకు వాళ్లు ఎలా వెళ్లారో, ఎవరు ఎంత సణిగారో నాకు తెలియదు. నాతో ఎవరూ మాట్లాడలేదు. మేనేజరు మాత్రం ఈసారి సరుకును పరీక్ష చేసి చూస్తాం, బాగుంటే తీసుకుంటాం అన్నాడని విన్నాను. నేను వేబ్రిడ్జి మీద లారీలు తూచుకుంటూ ఉన్నాను, ఆదివారాలు లైబ్రరీకి వెళ్తూ ఉన్నాను. దారిలో ఎదురైన బంధువు ఒకాయన "ఇంకా సదవతన్నావా?" అన్నాడు. "అవును, ఇప్పుడు రొయ్యల మీద" అన్నాను.

ఒక మధ్యాహ్నం షిఫ్టులో ఉండగా బావ ఫోన్ చేశాడు. వెనక హార్బర్ గోల వినిపిస్తోంది.

"తీసుకున్నారు."

"ఏటి?"

"సేపలు. ఆళ్ల పరీచ్చ అయింది. మొత్తం తీసుకున్నారు. నువ్వు సెప్పినావని కాదు. మా ఐసు బాగుంది."

"సరే బావా. ఐసే బాగుంది." ఆయన ఫోన్ పెట్టేస్తాడేమోనని తొందరగా అన్నాను: "కానీ ఈసారీ ఎక్కువొచ్చుంటే, నాను మళ్లీ ఆ మాటే సెప్పేవోణ్ణి."

"తెలుసులే, వొగ్గీ" అని పెట్టేశాడు.

వేబ్రిడ్జి మీదకు అప్పుడే బొగ్గు లారీ ఒకటి ఎక్కుతోంది. డ్రైవరును ఇంజన్ ఆపమని చెయ్యి ఊపాను.